మళ్ళీ అదే చిరునామా

కొన్ని పనులు పూర్తయ్యాక చూస్తే ఏమీ జరిగినట్టు ఉండదు. ముందున్నదే ఉంటుంది. కొత్తగా ఒక్క గీత చేరదు, ఒక్క చుక్క తగ్గదు. ఆ పనుల అందమంతా అలా మారకపోవడంలోనే ఉంటుంది. వికేంద్రీకృత నిల్వలో దాచుకున్న పాఠాన్ని కమాండ్ లైన్ నుంచి తిరిగి తాజా చేయడం అలాంటి పనే. ఎన్నో కంప్యూటర్లు పంచుకుని ఫైళ్ళు దాచే స్వార్మ్ అనే నెట్‌వర్క్‌లో దానికి కొట్టే కమాండ్ ఒక్క వరుస: స్వార్మ్-సీఎల్ఐ పిన్నింగ్ రీఅప్‌లోడ్, దాని పక్కన అంకెలూ అక్షరాలూ కలిసిన 64 గుర్తుల చిరునామా. మంచి పద్యాన్ని చదివే చూపుతోనే నేను ఈ వరుసను చదువుతాను. రసం అనే మాట వాడటానికి అర్హమైన వస్తువు ఇందులో ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

విజయనగరం నుంచి హౌరా లైన్లో నెల్లిమర్ల దాటితే మా ఊరు గరివిడి. మా ఊరికి ఇంత దగ్గర్లోని విజయనగరంలోనే 1892లో గురజాడ నాటకం 'కన్యాశుల్కం' మొదటిసారి రంగస్థలం ఎక్కింది. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా పెంచి, మార్చి, రెండో కూర్పుగా తెచ్చారు. ఆ రెండో కూర్పు యూనికోడ్ పాఠాన్ని స్వార్మ్‌లో ఉంచి, ఇంట్లోని చిన్న నోడ్ (ఆ నెట్‌వర్క్‌లో ఒక భాగంగా పనిచేసే యంత్రం) మీద పిన్ చేసి పెట్టుకున్నాను. పిన్ చేయడమంటే, ప్రపంచంలో ఎవరి దగ్గర ఉన్నా లేకపోయినా నా యంత్రం మాత్రం దీన్ని వదలకూడదని చెప్పడం. ఇక నుంచి చెప్పేదంతా ఈ ఒక్క పాఠం చుట్టూనే.

మొదట తునకల సంగతి. స్వార్మ్ ఏ ఫైల్‌నైనా 4096 బైట్ల తునకలుగా కోస్తుంది. ప్రతి తునకలోనూ 32 బైట్ల చొప్పున 128 అరలు. తెలుగులో ప్రతి సంకేతమూ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తింటుంది. ఇప్పుడు నాటకం పేరును లెక్కపెట్టండి: క, న, పొల్లు, య, దీర్ఘం, శ, కొమ్ము, ల, పొల్లు, క, సున్న. మొత్తం పదకొండు సంకేతాలు, 33 బైట్లు. అర పట్టేది 32. అంటే పాఠం ఆ పేరుతోనే మొదలైతే, 'కన్యాశుల్కం' చివరి సున్న విరుగుతుంది. దాని రెండు బైట్లు మొదటి అరలో, మూడోది రెండో అరలో పడతాయి. కోసే కత్తికి అక్షరం తెలియదు, తెలుగు తెలియదు, నాటకంలోని మధురవాణి తెలియదు.

కానీ ఆ వెంటనే జరిగేది చూడాలి. చిరునామా కట్టడానికి నెట్‌వర్క్ వేసే మొట్టమొదటి అడుగు, పక్కపక్కనున్న రెండేసి అరలను కలిపి ఒక్క హ్యాష్‌గా బిగించడం; హ్యాష్ అంటే సరుకును బట్టి లెక్కగట్టిన వేలిముద్ర. మొదటి అర, రెండో అర జంట. విరిగిన సున్న రెండు ముక్కలూ ఆ తొలి జంటలోనే మళ్ళీ ఒకటవుతాయి. 128 అరలు 64 జంటలవుతాయి, 64 నుంచి 32, అలా ఏడు మెట్లెక్కి ఒక్కటవుతాయి. కింద ఎన్ని బైట్లున్నాయో చెప్పే ఎనిమిది బైట్ల గుర్తు చివర్లో దానికి చేరుతుంది. రెంటినీ కలిపి మరొక్కసారి బిగిస్తే ఆ తునక చిరునామా, మళ్ళీ 32 బైట్లు. కోసిన చోటే కుట్టు పడటాన్ని నేను మొదటిసారి కాగితం మీద వేసి చూసుకున్నప్పుడు చాలాసేపు పెన్ను కింద పెట్టలేకపోయాను. దీన్ని రూపొందించినవాళ్ళు మన సున్నను దృష్టిలో పెట్టుకుని ఇలా చేయలేదు. అయినా ఆ నియమంలో మన సున్న ఎంత చక్కగా ఇమిడిపోయిందో! మంచి ఛందస్సు లక్షణమే అది. తాను ఊహించని మాటకు కూడా చోటిస్తుంది.

ఇక్కడితో అయిపోలేదు. తునక చిరునామా 32 బైట్లు. తునక పట్టేది 4096. కాబట్టి ఒక తునకలో సరిగ్గా 128 చిరునామాలు పడతాయి. కింది మెట్టులో అరలు 128, పై మెట్టులో చిరునామాలూ 128. 20 మెగాబైట్ల స్కాన్ పుస్తకం ఒకటి తీసుకుంటే దాని తునకలు 5120. వాటి చిరునామాలను మోసే తునకలు 40. ఆ నలభై చిరునామాలనూ మోసేది ఒకే ఒక్కటి, అదే వేరు. మొత్తం 5161 తునకలు. వేరు చిరునామా ఒక్కటి చేతిలో ఉంటే పుస్తకమంతా చేతిలో ఉన్నట్టే. టెర్మినల్‌లో మనం అతికించే ఆ 64 గుర్తులు ఇవే.

ఈ చిరునామాకు ఒక కఠినమైన నిజాయితీ ఉంది. నాటకం నడుమ ఎక్కడో గిరీశం మాటలో ఒక్క సున్న ఎగిరిపోయిందనుకోండి. ఆ తునక చిరునామా పూర్తిగా మారుతుంది. దాన్ని మోసే పై తునక మారుతుంది. వేరు మారుతుంది. 64 గుర్తుల్లో పాత పోలిక మిగలదు. తెలుగులో ప్రాచీన గ్రంథాలను పరిష్కరించిన పండితులు పాఠభేదాల కోసం కళ్ళు కాయలు కాసేలా ప్రతులను పోల్చి చూశారు. సి.పి. బ్రౌన్ తన పండితుల చేత ఎన్ని తాళపత్ర ప్రతులను పోల్పించాడో మనకు తెలుసు. ఇక్కడ పాఠమే తన పాఠభేదాన్ని చాటుకుంటుంది. 1897 నాటి కన్యాశుల్కానికి ఒక చిరునామా, 1909 నాటి దానికి మరొకటి. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు. ఇది ఇంకా పెరగని మధురవాణి, ఇది పెరిగిన మధురవాణి అని ఇద్దరినీ విడివిడిగా గౌరవిస్తుంది. రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి చదివే విమర్శకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

చోటును బట్టి పేరు పెట్టడం మనకు అలవాటు. మా ప్రాంతపు మాంగనీసు గనుల్లో కోడూరు ఒకటి. అక్కడి రాతిని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ దానికి కోడూరైట్ అని పేరు పెట్టాడు. భారతదేశపు మాంగనీసు నిక్షేపాల మీద ఆయన బృహద్గ్రంథం వచ్చింది కూడా 1909లోనే. రాయికి చోటు పేరు పెడితే ఇబ్బంది లేదు, కోడూరు ఎక్కడికీ పోదు. పుస్తకం విషయం వేరు. ఇంటర్నెట్‌లో పుస్తకానికి చోటు పేరు పెడితే, చోటు మూతపడ్డ రోజున పుస్తకమూ మాయమవుతుంది.

తెలుగు పాఠకులకు ఇది అనుభవంలోకి వచ్చిన సంగతే. కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు కలిసి నడిపిన పది లక్షల పుస్తకాల పథకం నుంచి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పెరిగింది. వేల తెలుగు పుస్తకాలు అందులో స్కాన్ అయ్యాయి. ఆ పాత చిరునామాలు ఇవాళ తెరుచుకోవు. ఆ పుస్తకాలు మనకు దక్కాయంటే, వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఓపిగ్గా మోసుకెళ్ళినవాళ్ళ వల్ల. అక్కడ ఆ పుస్తకాల గుర్తింపులో ఇప్పటికీ 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015' అనే ముక్క కనిపిస్తుంది. పోయిన ఇంటి పేరు బిడ్డ పేరులో మిగిలిపోయినట్టు ఉంటుంది. పాత ఉత్తరాల్లో, వ్యాసాల్లో ఇచ్చిన లంకెలు మాత్రం తెగిపోయాయి. పుస్తకం బతికింది, దాని చిరునామా చచ్చిపోయింది. స్వార్మ్ వంటి నెట్‌వర్క్‌లో పుస్తకం ఎవరి యంత్రంలో ఉన్నా, ఎవరు తిరిగి ఎక్కించినా చిరునామా అదే. 'ఎక్కడ' అన్న ప్రశ్న నుంచి 'ఏది' అన్న ప్రశ్నకు మారడమే ఇందులోని మొదటి చమత్కారం.

రెండో చమత్కారం చెల్లాచెదురు కావడంలో ఉంది. ప్రతి నోడ్‌కూ 256 బిట్ల చిరునామా ఉంటుంది, ప్రతి తునకకూ అంతే. తునక ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు చేతులు మారుతూ, తన చిరునామాకు అత్యంత దగ్గరగా ఉన్న నోడ్‌ల పొరుగుకు చేరుతుంది. చేరాక అక్కడి నోడ్ సంతకంతో రసీదు వెనక్కి వస్తుంది. ఇక్కడ దగ్గర అంటే మైళ్ళలో కాదు, అంకెల పోలికలో. ఒకే పేజీలోని రెండు పొరుగు వాక్యాలు రెండు ఖండాల్లో పడొచ్చు. తుపాను తీరంలో బతికేవాళ్ళకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఒకే చోట, ఒకే బీరువాలో ఉన్నవాటి గతి ఏమిటో ఉత్తరాంధ్ర చూసింది. ఒకే గాలికి అన్ని తునకలూ దొరకవన్న ఊరట చిన్నది కాదు.

అయినా ఈ నెట్‌వర్క్ శాశ్వతత్వాన్ని వాగ్దానం చేయదు. నాకు దీని మీద గౌరవం కలగడానికి అసలు కారణం అదే. తునకలు నిలవాలంటే వాటి మీద పోస్టేజ్ స్టాంపు ఉండాలి. ఆ స్టాంపుల కట్టకు ముందే చెల్లించిన సొమ్ము కాలంతోపాటు కరుగుతుంది. కరిగిపోయాక ఆ తునకలను దాచాల్సిన బాధ్యత నోడ్‌లకు ఉండదు. కొత్తవాటికి చోటివ్వడానికి పాతవి జారిపోతాయి. 2021 జూన్‌లో ప్రధాన నెట్‌వర్క్ మొదలైనప్పటి నుంచీ స్వార్మ్ స్వభావం ఇదే. ఎవరూ పట్టించుకోనిదాన్ని అది మోయదు. ఎవరో ఒకరు పట్టించుకుంటే ఒక్క బైటు కూడా తేడా లేకుండా తిరిగి ఇస్తుంది.

ఇప్పుడు కమాండ్ దగ్గరికి వద్దాం. ముందు తనిఖీ. కర్ల్ అనే కమాండ్‌తో సొంత నోడ్‌ను 1633 పోర్ట్ మీద, స్ట్యువర్డ్‌షిప్ అనే దారిలో, చిరునామా చెప్పి అడుగుతాం. నోడ్ వేరు తునకతో మొదలుపెట్టి చెట్టంతా దిగుతుంది. ప్రతి తునకా నెట్‌వర్క్‌లో దొరుకుతుందో లేదో వెతుకుతుంది. జవాబు ఒక్క మాట: ఈజ్‌రిట్రీవబుల్, ట్రూ. లేదా ఫాల్స్. వేల తునకల్లో ఒక్కటి దొరకకపోయినా ఫాల్సే. ఒక్క పాదంలో యతి తప్పితే పద్యం తప్పినట్టే కదా. ఫాల్స్ అని వచ్చినప్పుడు చెల్లుబాటయ్యే స్టాంపు చూసుకుని రీఅప్‌లోడ్ కమాండ్ కొట్టాలి. ఇంట్లో పిన్ చేసి ఉన్న ప్రతి నుంచి తునకలు ఒక్కొక్కటే మళ్ళీ బయల్దేరతాయి. వాటిని అందుకున్న నోడ్ హ్యాష్ తానే లెక్కకట్టి చూస్తుంది. చెప్పిన చిరునామాకూ లోపలి సరుకుకూ పొంతన కుదరకపోతే తీసుకోదు. అంతా చేరాక మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, ట్రూ.

ఒకసారి కాలేజీ కుర్రాడొకడు పక్కన కూర్చుని ఇదంతా చూశాడు. అయిపోయాక కళ్ళు చిట్లించి స్క్రీన్ కేసి చూసి, "ఏటి మాస్టారూ, ఇంతసేపూ ఎక్కించినారు కదా, ఆ నంబరు అలాగే ఉండిపోనాది. ఏటీ మారనేదు?" అన్నాడు.

"అదేరా, మారకూడదు. మారితే మనం ఎక్కించింది అది కాదన్నమాట," అన్నాను.

వాడు కాసేపు ఊరుకుని, "అయితే మనం చేసినట్టు ఎవుడికీ తెలీదన్నమాట," అన్నాడు.

ఆ మాటే ఈ వ్యాసానికి ఆయువుపట్టు. చేసిన చేయి ఎక్కడా కనపడదు. గుడిని జీర్ణోద్ధరణ చేస్తే కొత్త సున్నం తెలుస్తుంది, కట్టించినవాడి శాసనం పడుతుంది. తాటాకు ప్రతిని తిరగరాస్తే లేఖకుడి చేతిరాత తెలుస్తుంది, చివర తన తప్పులను మన్నించమని అతను రాసుకున్న మాట ఉంటుంది. తాటాకు చివికిపోతుంది కాబట్టి కొన్ని తరాలకొకసారి ప్రతి దించుకోకపోతే మన సాహిత్యం మనకు మిగిలేది కాదు. ఆ ప్రతి దించడమే నేటి ఈ పనికి పూర్వరూపం. కాకపోతే అక్కడ ప్రతి కొత్త ప్రతీ కొంచెం కొత్త పాఠం. ఇక్కడ ఎన్నిసార్లు తిరగరాసినా ఒకే పాఠం.

మా నేలకు తెలిసిన మరో రకం నిలుపుదల కూడా ఉంది. ఊరి పేరును తన పేరుకు ముందు మోసిన బుర్రకథ కళాకారిణి గరివిడి లక్ష్మిని తలుచుకోండి. తంబురా మీటుతూ కథ చెప్పేవారు, పక్కన గుమ్మెటలు వాయించే వంతలు, ఎదురుగా జనం. ఆ కథ ఏ రెండు రాత్రులూ ఒకేలా నడవదు. జనం నవ్విన చోట సాగుతుంది, నిద్ర తూగిన చోట బిగుస్తుంది. బుర్రకథ మారుతూ బతుకుతుంది. మారడం మానేస్తే అది చచ్చినట్టే. 1909 నాటి కన్యాశుల్కం పాఠం మారకుండా బతకాలి. మారితే అది గురజాడది కాదు. ఈ రెండు రకాల బతుకులూ ఒక సంస్కృతికి కావాలి. మొదటిదాని అందం మనకు ఎప్పటినుంచో తెలుసు. రెండోదాని అందాన్ని చూడటానికి ఈ కమాండ్ నాకు కళ్ళిచ్చింది.

ఇంతకీ ఇందులో రసం ఏది? తొలిచూపులో అద్భుతం అనిపిస్తుంది. వేల తునకలు ప్రపంచమంతా పరుచుకుని ఒక్క పేరుకు బదులు పలకడం అద్భుతమే. కానీ అద్భుతం మొదటిసారికే. పదేపదే చేసే పనిలో నిలిచేది అది కాదు. కళింగానికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్ని పదో రసంగా ఒప్పుకున్నాడు. ఇక్కడ నాకు తోచేది అదే. ఆలంబనం ఆ పాఠం. ఫాల్స్ అన్న జవాబు ఉద్దీపనం. కమాండ్ కొట్టే వేళ్ళ కదలిక అనుభావం. చెట్టు దిగి నోడ్ వెతుకుతున్నంతసేపూ చింత, తునకలు బయల్దేరుతుంటే ఔత్సుక్యం, ట్రూ అని తేలగానే హర్షం, ఇవి సంచారులు. లోపల మొదటినుంచీ ఉన్నది, తనది కాని పాఠాన్ని తనదిగా సాకే ప్రేమ. గురజాడ నాకు చుట్టం కాడు, ఆ నాటకం మీద నాకే హక్కూ లేదు. అయినా అది నెట్‌వర్క్‌లో దొరకలేదంటే నాకు కాలు నిలవదు. ఆ నిలవనితనాన్ని ఈ చిన్న కమాండ్ ఒక రూపంలో పెట్టింది.

ఇలా తిరిగి నింపడం కొత్త ఆలోచన కాదు. 2000లో వచ్చిన నెట్‌వర్క్ ఫ్రీనెట్‌లో ఎవరూ అడగని ఫైళ్ళు మరుగున పడేవి, కావాలనుకున్నవాళ్ళు మళ్ళీ చొప్పించేవాళ్ళు. 2002లో మేముంకోవ్, మాజియేర్ రాసిన కడెమ్లియా పత్రం దాచిన సమాచారాన్ని ఎప్పటికప్పుడు తిరిగి ప్రకటించడాన్ని నియమంగానే పెట్టింది. ఐపీఎఫ్ఎస్ అనే మరో నెట్‌వర్క్ నోడ్‌లు తమ దగ్గరేముందో గడువు తీరకముందే మళ్ళీ చాటుకుంటూ ఉంటాయి. వికేంద్రీకృత నిల్వ చరిత్రంతా ఒక సత్యాన్ని తిరిగి తిరిగి కనుక్కుంది: నిలవడమంటే ఒకసారి పెట్టి మరిచిపోవడం కాదు, మళ్ళీ మళ్ళీ పెట్టడం. స్వార్మ్ ఆ పనిని మనిషి చేతికి ఒక వరుసగా అందించింది. అడిగే వరుస ఒకటి, నిలిపే వరుస ఒకటి. అంతకు మించి అలంకారం లేదు. ఆ పొదుపు కూడా నాకు ఇష్టం.

ఔచిత్యం గురించి ఒక మాట. ఈ పనికి రెండు షరతులున్నాయి. మొదటిది, పూర్తి ప్రతి ఎవరో ఒకరి దగ్గర ఉండాలి. అందరి దగ్గరా పోయినదాన్ని ఏ కమాండూ తిరిగి తేలేదు, చిరునామా ఒక్కటీ చేతిలో మిగిలి లాభం లేదు. రెండోది, ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు తనిఖీ చేస్తూ ఉండాలి. రెండు షరతులూ యంత్రానివి కావు, మనిషివి. అందుకే దీన్ని సాంకేతిక నైపుణ్యం కింద జమకట్టి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. మన రసవిమర్శ సృష్టించినవాడిని మెచ్చుకుంది, ఆస్వాదించే సహృదయుణ్ణి మెచ్చుకుంది. ఆ ఇద్దరి మధ్యా పాఠాన్ని చెక్కుచెదరకుండా ఆపి ఉంచినవాడిని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అతను లేకపోతే సహృదయుడికి చదవడానికి ఏమీ ఉండదు.

మన దగ్గర ఇలా సాకాల్సినవి చాలా ఉన్నాయి. గిడుగు రామమూర్తి సవర భాష మీద చేసిన పని, 1931లో వచ్చిన ఆయన సవర మాన్యువల్ ఈ నేలకే ప్రత్యేకమైన ఆస్తి. అలాంటి ఒక్కో పుస్తకాన్ని ఒక్కో కాలేజీ లైబ్రరీ తన పాలికి తీసుకోవచ్చు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ కాలేజీకీ ఇది అందని పని కాదు. ఒక మామూలు కంప్యూటర్ మీద నోడ్, గడువున్న స్టాంపు, పిన్ చేసిన పూర్తి ప్రతి, గోడ మీద క్యాలెండర్‌లో నెలకొక తేదీ చాలు. ఆ రోజున ఒక విద్యార్థి కూర్చుని అడిగే వరుస కొట్టాలి, ఫాల్స్ వస్తే నిలిపే వరుస కొట్టాలి. ఆ విద్యార్థికి సాహిత్యం క్లాసులోనే మార్కులు వేయమని తెలుగు అధ్యాపకులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.